పిల్లలు ఆటకు ఎందుకు వెళ్లడం లేదో కనిపెట్టి, పంపడం ఎలా

"మా వాడికి ఆటల మీద ఆసక్తి లేదండీ" అనే మాట అనంతపురంలో ఏ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడినా వినిపిస్తుంది. ఆ ఒక్క మాటతో పెద్దలు చేతులు దులిపేసుకుంటారు. నన్నడిగితే, ఆసక్తిని అనుమానించాల్సింది అన్నిటికన్నా చివర. ఆడడానికి సమయం ఉండాలి, చోటు ఉండాలి, తోడు ఉండాలి, ఆడి వస్తే ఇంట్లో ఎవరూ మొహం ముడుచుకోకూడదు. వీటిలో ఏది లేకపోయినా పిల్లలు "నాకు ఇష్టం లేదు" అనే అంటారు. అసలు కారణం చెప్పడం కంటే ఆ మాట అనడం తేలిక మరి. అందుకని మీ ఇంట్లో అడ్డు ఎక్కడుందో ముందు వెతకండి. క్రికెట్ కిట్టు, కోచింగ్ ఫీజు, వేసవి శిబిరం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

1. ఒక వారం లెక్క రాయండి

పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. రోజుకో పేజీ చాలు. పిల్లలు ఏ వేళ, ఎక్కడ, ఎవరితో ఆడారు, అందులో ఒళ్లు కదిలింది ఎన్ని నిమిషాలు అన్నది రాయండి. ఒళ్లు కదలడం అంటే నిలబడి ఉండడం కాదు. ఊపిరి వేగం పెరగాలి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. ఆ మాత్రం ఆయాసం వచ్చిన నిమిషాలనే లెక్కపెట్టండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వారం మొత్తం మీద రోజుకు సగటున 60 నిమిషాలు ఇలాంటి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో కనీసం 3 రోజులు గట్టిగా పరుగెత్తేవి, ఎముకలకూ కండరాలకూ బలమిచ్చేవి ఉండాలి. అంటే దూకడం, ఎక్కడం, లాగడం లాంటివి. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఈ గంట కూడా దక్కలేదు. అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. కాబట్టి మీ నోటుపుస్తకంలో 20 నిమిషాలే తేలితే మీ పిల్లలొక్కరే బద్ధకస్తులని అనుకోకండి.

రాసేటప్పుడు ఒక చోట మాత్రం మోసపోవద్దు. "గంటన్నర క్రికెట్ ఆడి వచ్చాడు" అని రాసే ముందు ఒక సాయంత్రం వెళ్లి కాస్త దూరంలో నిలబడి చూడండి. పదిహేను మంది పిల్లలు, ఒకే బ్యాటు. బ్యాటు ఎవరిదో వాడే ముందు దిగుతాడు, ఔటైనా ఒప్పుకోడు. మీ వాడు చిన్నవాడు కాబట్టి కంపచెట్ల వైపు ఫీల్డింగుకు పంపుతారు. బంతి అటు పోతే ముళ్లలో దూరి తెచ్చే పని వాడిది. మిగతా సమయమంతా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. వెలుతురు తగ్గేసరికి వాడి వంతు రాకుండానే ఆట ముగుస్తుంది. గంటన్నరలో పరుగెత్తింది పది నిమిషాలు ఉంటే ఎక్కువ. ఇలా నెల రోజులు ఆటలో అరటిపండుగా మిగిలిన పిల్లవాడు ఆ తర్వాత ఫోను పట్టుకుని మూలన కూర్చుంటే తప్పు ఫోనుది కాదు.

2. అడగండి, కానీ "ఎందుకు" అని అడగకండి

"ఎందుకు ఆడవు?" అంటే పిల్లల చెవికి అది నిలదీసినట్టే ఉంటుంది. దానికి బదులు జరిగినవి అడగండి. గేమ్స్ పీరియడ్‌లో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? జట్లు ఎవరు ఎంచుతారు? నిన్ను ఎన్నో పిలుపులో పిలుస్తారు? బంతి కోసం పరుగెత్తి పడిపోతే ఎవరైనా నవ్వారా? చివరి ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వస్తే అడ్డు అక్కడే ఉందని అర్థం.

ఈ జవాబుల్లో ఎక్కువగా తేలేది, "నాకు చేతకాదు" అన్న భావన. బంతి పట్టడం, విసరడం, ఒంటికాలి మీద గెంతడం, దిశ మార్చి పరుగెత్తడం పుట్టుకతో వచ్చేవి కావు. ఎవరో నేర్పాలి, పదేపదే చేయాలి. ఇవి రానివాళ్లను ఎవరూ జట్టులోకి పిలవరు. పిలవకపోతే ఎప్పటికీ రావు. ఈ ముడి విప్పడానికి మైదానం అక్కర్లేదు. మేడ మీద టెన్నిస్ బంతితో రోజూ పావుగంట గోడకు కొట్టి పట్టించండి. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత పక్కకు కదులుతూ. రెండు మూడు వారాలు గడిచాక వాడిని మళ్లీ వీధిలోకి పంపి చూడండి.

లావుగా ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. "తగ్గడానికి ఆడు" అన్నారంటే ఆట ఆ క్షణం నుంచే శిక్ష అవుతుంది. బరువు ఊసెత్తకండి. కబడ్డీలో పట్టు పట్టడానికి ఒళ్లున్నవాడే కావాలి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

3. ఎండనూ గాలినీ లెక్కలోకి తీసుకుని వేళ కుదర్చండి

వేరే ఊళ్ల సలహాలు మన సీమకు సరిపోనిది ఇక్కడే. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు మధ్యాహ్నం ఇంటికొస్తారు, సమయం బోలెడు ఉంటుంది, కానీ అది ఆడుకునే వేళ కాదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రెండు నెలలు ఆటను ఉదయం ఆరు నుంచి ఏడున్నర లోపు ముగించండి. సాయంత్రమైతే నేల చల్లారాక, అంటే ఐదున్నర దాటాక పంపండి. సిమెంటు నేల మట్టి నేల కంటే ఆలస్యంగా చల్లారుతుంది. అరచేయి ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

నీళ్లు దాహమైతే తాగమని కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి తాగమనాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా చేతికివ్వండి. రంగు నీళ్ల సీసాలు అనవసరం. ఆడుతున్న పిల్లలకు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం కనిపిస్తే వెంటనే నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. మాట తడబడినా, తెలివి తప్పినా 108కి ఫోను చేయండి. ఆ స్థితిలో నోట్లో నీళ్లు పోయకూడదు.

బడులు తెరిచాక జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ కాస్త తగ్గుతుంది కానీ గాలి మొదలవుతుంది. అనంతపురం ఆషాఢం గాలి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఆరుబయట షటిల్ ఆడమని పంపడం పిల్లలను విసిగించడమే. కాక్ ఒక దిక్కు, వాళ్లొక దిక్కు. గాలికాలంలో కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాట పెట్టుకోండి. దుమ్ముకు దగ్గు, పిల్లికూతలు వచ్చే పిల్లలుంటే ఆ నెలల్లో లోపల ఆడే చోటు చూడండి. ఉబ్బసం ఉన్నంత మాత్రాన ఆట మానాల్సిన పని లేదు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, ఆటకు ముందు కొట్టుకోవాలో వద్దో డాక్టరునే అడిగి ఉండాలి.

ఇక ట్యూషన్. బడి నాలుగు గంటలకు వదిలితే ఐదు నుంచి ఏడున్నర దాకా ట్యూషన్, ఆ తర్వాత హోంవర్క్. పిల్లలకు మిగిలేది నిద్రపోయే వేళ. ట్యూషన్ మాన్పించమని చెబితే మీరు ఈ పేజీ ఇక్కడే మూసేస్తారని తెలుసు. కాబట్టి దాన్ని ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టించండి. అదే వీధిలో నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ట్యూషన్ మాస్టారు కాదనడు. ఒక్కరే అడిగితే కాదంటాడు. వారానికి రెండు రోజులైనా అలా దొరికితే చాలు, ఆదివారంతో కలిపి మూడు.

4. చోటు చూడండి, తోడు కూర్చండి

పిల్లలు ఇంటి బయట ఎంతసేపు గడిపితే అంత ఎక్కువగా కదులుతారు. ఇది పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. కాబట్టి మొదటి పని వాళ్లకు తలుపు దాటే చోటు చూపించడమే. అనంతపురం నగరంలో ఉన్నవాళ్లకు ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి పెద్ద చోట్లు ఉన్నాయి. కానీ తొమ్మిదేళ్ల పిల్ల రోడ్డు దాటి ఒంటరిగా అక్కడికి వెళ్లలేదు. చిన్నపిల్లలకు ఎంత పెద్ద మైదానం ఉందన్నది కాదు, ఇంటి నుంచి ఎంత దగ్గరగా ఉందన్నది ముఖ్యం.

వీధి చివర ఖాళీ స్థలం ఉంటే ముందు మీరు వెళ్లి తిరిగి చూడండి. తుమ్మముళ్లు, సీసా పెంకులు, మూత లేని బోరు గుంత, కుక్కల గుంపు. బోరు గుంత కనిపిస్తే ఆట సంగతి తర్వాత, ముందు దాన్ని మూయించండి. స్థలం యజమానితో ఒక మాట చెప్పి ఒక ఆదివారం పారలతో శుభ్రం చేయండి. పిల్లలను కూడా ఆ పనిలో దించండి. తాము చదును చేసిన నేల మీద ఆడకుండా ఉండలేరు. సున్నంతో కబడ్డీ కోర్టు గీయండి. చిన్నపిల్లల కోర్టు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఒక మోస్తరు ఇంటి స్థలంలో పడుతుంది. ఖర్చు ఒక సంచి సున్నం.

ప్రభుత్వ బడి దగ్గరగా ఉంటే దాని మైదానం అడగవచ్చు. నోటి మాటగా కాదు, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగండి. ఆ కమిటీలో ఎక్కువమంది తల్లిదండ్రులే. "సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా, ఫలానా ఇద్దరు పెద్దలు ఉంటారు, గేటు తాళం ఫలానావారి దగ్గర" అని పేర్లతో రాసి ఇవ్వండి. హెడ్‌మాస్టర్లు భయపడేది పిల్లలు ఆడతారని కాదు, ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెబుతారని. ఆ జవాబు మీ కాగితంలోనే ఉంటే సగం పని అయినట్టే. ఆట స్థలం ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం బడులకు పెట్టిన ప్రమాణాల్లో ఒకటి. ప్రైవేటు బడిలో చేర్పించే ముందు ఏసీ గదులతో పాటు అది కూడా అడగండి. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నడిచే బడిలో గేమ్స్ పీరియడ్ అంటే క్యారంబోర్డే.

పీరియడ్ ఉన్నా వ్యాయామోపాధ్యాయుడి చేతికి రాని బడులు చాలా ఉన్నాయి. పదో తరగతి దగ్గర పడేకొద్దీ లెక్కల మాస్టారు ఆ గంట లాగేసుకుంటారు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగే పదిమందిలో ఒక్కరైనా "ఈ నెల గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి?" అని అడగండి.

తోడు విషయానికొస్తే, ముగ్గురు చాలు. ఒక పిల్ల వెళ్లకపోయినా మిగతా ఇద్దరూ వచ్చి తలుపు తడతారు. ఆ తట్టే చేయి ముందు మీరు చేసే బుజ్జగింపులన్నీ దిగదుడుపే. ఆటలో అందరూ కదిలేలా నియమాలు మార్చమని పెద్దపిల్లలకు చెప్పండి. క్రికెట్ అయితే ఆరుగురు, తలా రెండు ఓవర్లు, ఔటైనా ఓవర్లు పూర్తయ్యే దాకా బ్యాటింగే. ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి లాంటి ఆటల్లో నిలబడి చూసేవాళ్లు అసలు ఉండరు, ఒక బంతి తప్ప వాటికి కొనాల్సింది కూడా ఏమీ లేదు.

5. అమ్మాయిలకు అడ్డు వేరే, విరుగుడూ వేరే

ఐదో తరగతి దాకా అబ్బాయిలతో సమానంగా పరుగెత్తిన పిల్ల ఏడో తరగతికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఆట చూస్తూ ఉంటుంది. ఈ రెండేళ్లలో ఏం జరిగిందో ప్రతి తల్లికీ తెలుసు. పెద్దమనిషి అయింది, చున్నీ వచ్చింది, "ఎండలో నల్లబడతావు" అన్న నానమ్మ మాట వచ్చింది, సాయంత్రం తమ్ముణ్ని ఎత్తుకునే పని వచ్చింది, రోడ్డు మీద చూసే కళ్లు వచ్చాయి. ఒక్కోటీ చిన్నదే. కలిస్తే గోడ.

బట్టల నుంచి మొదలుపెట్టండి. వదులైన టీషర్టు, మోకాలి కిందికి వచ్చే ట్రాక్ ప్యాంటు, సరిపడే స్పోర్ట్స్ బ్రా. చున్నీ జారుతుందేమోనని ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తే పిల్ల ఏ ఆటా ఆడలేదు. తర్వాత మరుగుదొడ్డి. ఆడే చోటికి దగ్గరలో వాడుకోగల మరుగుదొడ్డి లేకపోతే అమ్మాయిలు ముందు నీళ్లు తాగడం మానేస్తారు, తర్వాత ఆటకు రావడం మానేస్తారు. మైదానం ఎంచేటప్పుడే ఇది చూడాలి.

నెలసరి రోజుల్లో ఆడవచ్చు. కదిలితే చాలామందికి కడుపునొప్పి తగ్గుతుంది కూడా. ఆడాలనిపించకపోతే ఆ రోజు మానవచ్చు, నిర్ణయం పిల్లదే. బ్యాగులో రెండు ప్యాడ్లు, ముదురు రంగు ప్యాంటు ఉంటే భయం సగం పోతుంది. త్వరగా అలసిపోతోంది, ఆయాసం వస్తోంది, పాలిపోయి ఉంది అంటే సోమరితనం అనకండి, రక్తం పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా మింగుతోందో లేదో కనుక్కోండి. రాగిసంగటి, ఆకుకూర, గుడ్డు, బెల్లం వేసిన వేరుశనగ చిక్కీ ఇంట్లో ఉండేవే. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం ఇవ్వవద్దు, ఐరన్ ఒంటపట్టనివ్వదు.

వెళ్లి వచ్చే దారి చివరి సంగతి. ముగ్గురు నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్లి కలిసి రావాలి. ఆడే చోట ఒక పెద్దావిడ ఉండాలి. తల్లులు వంతులు వేసుకుని అదే మైదానం చుట్టూ నడిస్తే రెండు పనులూ అవుతాయి. అమ్మాయిలకు ఒక నిర్ణీత వేళ, ఒక నిర్ణీత మూల కేటాయించండి. "అందరూ ఆడుకోవచ్చు" అని వదిలేస్తే మైదానమంతా అబ్బాయిల క్రికెట్టే పరుచుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఉపన్యాసం వద్దు, పేర్లు చెప్పండి. నార్పల మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్‌లో భారత మహిళల క్రికెట్ జట్టు తరఫున ఆడింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. మన ఎండలో, మన మట్టిలో పెరిగిన పిల్లలే. నల్లబడతావన్న నానమ్మకు ఆ ఫొటో చూపిస్తే తర్వాతి మాట ఆవిడే ఆలోచించి మాట్లాడుతుంది.

6. ఆట మీరు ఎంచకండి, మాట మాత్రం జాగ్రత్తగా ఎంచండి

పన్నెండేళ్ల లోపు ఒకే ఆటకు కట్టేయవద్దు. శ్రీచరణి కూడా క్రికెట్‌లోకి పూర్తిగా రాకముందు అథ్లెటిక్స్‌తో సహా వేరే ఆటలు ఆడింది. పరుగు, ఈత, బంతి ఆట, పట్టు ఆట, అన్నీ కాస్త కాస్త రుచి చూడనివ్వండి. చిన్న వయసులోనే ఒకే ఆటను ఏడాది పొడవునా ఆడించిన పిల్లలకు అవే కీళ్ల మీద భారం పడి గాయాలయ్యే అవకాశం ఎక్కువ, విసుగు కూడా త్వరగా వస్తుంది.

వయసు విభాగాల్లో ఒక తిరకాసు ఉంది. జనవరి 1 నుంచి లెక్కించే పోటీల్లో జనవరిలో పుట్టిన పిల్లవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పదకొండేళ్ల వయసులో ఏడాది అంటే ఎత్తులో, బలంలో చాలా. ఎంపికలో పెద్దవాడు నెగ్గుతాడు, చిన్నవాడు "నేను పనికిరాను" అనుకుంటాడు. మీ పిల్ల ఏడాది చివర్లో పుట్టి ఉంటే ఒక ఎంపికలో పోయినంత మాత్రాన ఆట మాన్పించకండి.

ఆడి ఇంటికి వచ్చాక మీ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న చాలా నిర్ణయిస్తుంది. "గెలిచావా?" అని అడిగితే ఓడిన రోజున ఇంటికి రావాలంటే కాళ్లు ఈడ్చుకుంటాయి. "ఎవరెవరు వచ్చారు? ఎక్కడ బాగా కుదిరింది?" అని అడగండి. బండి మీద తెచ్చేటప్పుడు దారి పొడవునా తప్పులు చెప్పడం మానండి. పిల్లలు వెనక కూర్చుని వింటారు, తప్పించుకునే దారి ఉండదు పాపం. మార్కులు తగ్గితే ఆట బంద్ చేయడం, అల్లరి చేస్తే మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించడం రెండూ ఒకటే జబ్బు. మొదటిదానితో ఆట మార్కుల లంచమవుతుంది, రెండోదానితో పరుగు శిక్షవుతుంది.

మీరు కూడా ఆడండి. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు జరిగినప్పుడు ఊరంతా అటే పోయింది. చూడడంలో మనకెవరూ సాటి రారు. చూసినవాళ్లలో ఎంతమంది ఆ ఆదివారం పిల్లలతో ఒక ఓవర్ వేశారో నాకు అనుమానమే.

7. కోచింగ్ దాకా వస్తే

ఇంతవరకు చెప్పినవి కుదిరి, పిల్లలే "నేర్పించండి" అని అడిగినప్పుడు కోచింగ్ చూడండి. అనంతపురంలో విసెంటె ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థకు స్పోర్ట్స్ విలేజ్ ఉంది. పల్లె పిల్లలు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ లాంటివి నేర్చుకున్న చోటు అది. టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో తెరిచిన టెన్నిస్ కేంద్రం కూడా అక్కడే, టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు చెబుతారు. కడప పుట్లంపల్లి దగ్గర ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. 4వ తరగతిలోకి పరుగు, దూకడం లాంటి శారీరక పరీక్షలు పెట్టి తీసుకుంటారు. చదువు రావడం లేదు కదా అని పిల్లలను అక్కడికి నెట్టకండి. అక్కడ చదువూ ఉంటుంది, ఇంటి బెంగ కూడా ఉంటుంది.

ఏ కేంద్రమైనా డబ్బు కట్టే ముందు ఒక పూట కూర్చుని చూడండి. పిల్లలు వరుసలో నిలబడే సమయం ఎంత, ఆడే సమయం ఎంత? అందరికన్నా వెనకబడ్డ పిల్లవాడితో కోచ్ ఏ గొంతుతో మాట్లాడుతున్నాడు? అమ్మాయిలున్న చోట ఆడ కోచ్ గానీ, మరో పెద్దావిడ గానీ ఉందా? తల్లిదండ్రులు చూడకూడదనే చోట చేర్పించవద్దు.

వినికిడి, చూపు, నడకలో లోపం ఉన్న పిల్లలను ఆట నుంచి మినహాయించడం దయ కాదు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. వినిపించని పిల్లకు విజిల్ బదులు జెండా ఊపితే చాలు, చూపు తక్కువైతే గలగలలాడే బంతి. మిగతా నియమాలు పిల్లలే సర్దుకుంటారు, పెద్దల కంటే త్వరగా.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మోకాలి కింద, మడమ దగ్గర నొప్పి రెండు వారాలు దాటితే ఎముకల డాక్టరుకు చూపించండి. ఎదిగే వయసులో అవి మామూలే కానీ విశ్రాంతి కావాలి. పరుగెత్తేటప్పుడు స్పృహ తప్పినా, గుండెల్లో నొప్పి అన్నా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా గుండె పరీక్ష అయ్యేదాకా ఆటకు పంపకండి.